వంటింట్లో కింది జాలీ మూసేస్తే గ్యాస్ ఎటు పోవాలి?

పదిహేడేళ్లుగా దుబాయ్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను. ఫ్లాట్లు, విల్లాలు, బ్యాచిలర్ రూములు, లేబర్ క్యాంపుల వంటశాలలు అన్నీ చూస్తుంటాను. గ్యాస్ విషయంలో మన తెలుగువాళ్లకు భయం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపడం, ఊరెళ్లేటప్పుడు వాల్వు రెండుసార్లు చూసుకోవడం, కొత్త బండ బిగించాక సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం మనకు అమ్మల దగ్గర్నుంచి వచ్చిన అలవాట్లు. లీకు కాకుండా చేయాల్సినవన్నీ చేస్తాం. ఒకవేళ లీకైతే ఆ గ్యాస్ ఎటు పోవాలి అన్న ఆలోచన మాత్రం ఎవరూ చేయరు. పైగా అది పోయే దారిని మన చేతులతోనే మూసేస్తున్నాం.

నేను చెప్పేది నేల దగ్గర ఉండే జాలీ గురించి. కొన్ని ఇళ్లలో అది బయటి గోడకు అడుగున ఉంటుంది. కొన్నింట్లో వంటగది తలుపు కింది భాగంలో రేకుల జాలీ ఉంటుంది. బండను గట్టు కింద అరలో పెట్టే ఇళ్లలో ఆ అర తలుపుకు, వెనక గోడకు చిల్లులు పెడతారు. ఇప్పుడు ఆ చిల్లుల పరిస్థితి ఏమిటో చూడండి. థర్మోకోల్ ముక్క కొట్టి, దాని మీద బ్రౌన్ టేపు. లేదా సిలికాన్. లేదా పాత పేపరు ఉండ. కొన్నిచోట్ల ఏకంగా బియ్యం బస్తా అడ్డం.

మూసినవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ కన్నంలోంచి బొద్దింకలు వస్తాయి. గాలిదుమారం లేచిన రోజు ఇసుక వస్తుంది. ఆగస్టులో బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ వేడి సన్నగా లోపలికి తగులుతూనే ఉంటుంది, ఏసీ బిల్లు పెరుగుతుంది. ఆ కన్నం ఎందుకుందో ఇల్లు అప్పగించేటప్పుడు చెప్పినవాడు లేడు. నాతూర్‌కు, అంటే ఇక్కడి వాచ్‌మన్‌కు కూడా తెలియదు. కారణం తెలియని కన్నాన్ని ఎవరైనా మూస్తారు.

కారణం చాలా సింపుల్. మనం వాడే బండల్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ. ప్రొపేన్ గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు బరువు. లీకైన ఎల్పీజీ పొగలా పైకి లేవదు, నీళ్లలా నేలకు దిగి పాకుతుంది. గుమ్మం దాటుతుంది, మెట్లు దిగుతుంది, గుంట కనిపిస్తే అక్కడ నిలుస్తుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా, కిటికీ తీసే ఉందిగా అనుకుంటాం. అవి ఉన్నది నడుముకు, తలకు పైన. గ్యాస్ ఉన్నది పాదాల దగ్గర.

ఒక లెక్క చెబుతాను. పది అడుగులు ఎనిమిది అడుగుల వంటగది అనుకోండి, ఇక్కడి పాత బిల్డింగుల్లో మామూలు సైజు. నేలనుంచి ఒక అడుగు ఎత్తు వరకే చూద్దాం. ఎల్పీజీ గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ అడుగు ఎత్తు గాలిలో 2 శాతం అంటే దాదాపు 45 లీటర్ల గ్యాస్. తూకంలో అది 100 గ్రాముల లోపే. ఇక్కడ ఇళ్లలో వాడే చిన్న బండలోనే 11 కిలోలు ఉంటుంది. అంటే బండంతా ఖాళీ కానక్కర్లేదు. పొయ్యి వెనక రబ్బరు పైపుకు చిన్న పగులు వచ్చినా, కిందినుంచి గాలి ఆడని గదిలో తెల్లారేసరికి ఆ వంద గ్రాములు పోగవుతాయి.

తెల్లారాక మనింట్లో మొదట జరిగేదేమిటి? లైటు స్విచ్ వేస్తాం. తర్వాత దీపం. ఇక్కడి ఫ్లాట్లలో పూజగదికి చోటెక్కడిది? చాలామందికి వంటగదిలో ఒక మూల, కింది అరలోనో, చిన్న పీట మీదో దేవుడి పటాలు ఉంటాయి. నేలకు అడుగున్నర ఎత్తులో అగ్గిపుల్ల గీస్తాం. వేరే దేశాలవాళ్ల వంటగదుల్లో ఇంత కిందికి నిప్పు దిగడం నేను అరుదుగా చూశాను. గ్యాస్ భద్రత మీద ఇక్కడ పంచే ఇంగ్లిష్, అరబిక్ కరపత్రాల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. ఇది మనం మనకు చెప్పుకోవాల్సిన జాగ్రత్త. వాసన వచ్చినా రాకపోయినా ముందు తలుపు తీసి నిమిషం గాలి ఆడనిచ్చి, తర్వాత దీపం పెట్టండి. వీలైతే పటాలను హాల్లోకి మార్చండి.

నేలబారు గ్యాస్ ఏం చేస్తుందో మనకు తెలియని సంగతేం కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరంలో గెయిల్ పైపులైన్ పేలుడు ఇక్కడ గల్ఫ్‌లో ఉన్న కోనసీమవాళ్లెవరూ మరచిపోలేదు. లీకైన గ్యాస్ ఊరి మీద పరుచుకుని ఉండగా టీ కొట్టులో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో ట్యాంకునుంచి వెలువడినది వంటగ్యాస్ కాదు, స్టైరీన్ ఆవిరి. అదీ గాలికంటే బరువైనదే. పైకి పోకుండా పక్కనున్న వెంకటాపురం మీదికి పాకింది. పన్నెండు మంది పోయారు. రెండుచోట్లా జనం నిద్రమంచాల మీదే ఉన్నారు.

ఇక్కడి సంగతికొస్తే, 2022 మే 23న అబూ ధాబీ ఖాలిదియాలో ఒక రెస్టారెంటులో గ్యాస్ పేలి ఇద్దరు చనిపోయారు, 120 మంది గాయపడ్డారు. గాయపడినవాళ్లలో వందమందికి పైగా మన భారతీయులే. అంతకు రెండేళ్ల ముందు, 2020 ఆగస్టు 31న, అదే నగరంలో ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఇంకో పేలుడులో ప్రాణాలు పోయాయి. బిల్డింగు గ్యాస్ ట్యాంకు నింపిన తర్వాత ఫిట్టింగులు సరిగా కుదరకపోవడమే కారణమని అధికారులు అప్పుడే ప్రకటించారు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. ట్యాంకు నింపేటప్పుడు, బండ మార్చేటప్పుడు ప్రమాదం ఎక్కువ. మిగతా రోజులన్నీ కదలకుండా ఉన్న జాయింట్లు కదిలేది ఆ పది నిమిషాల్లోనే.

ట్యాంకు నింపడం అంటే అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు చెప్పిన మాట గుర్తొచ్చింది. కనెక్టికట్‌లో వాళ్లు కొన్న ఇల్లు హీటింగ్ ఆయిల్‌తో వెచ్చబడే ఇల్లు. బేస్‌మెంట్‌లో ట్యాంకు, గోడ బయటికి రెండు పైపులు. ఒకటి ఆయిల్ పోసేది, రెండోది గాలి వదిలేది. ఆయిల్ లోపలికి వెళ్తుంటే ట్యాంకులో గాలి రెండో పైపులోంచి బయటికి పోతూ ఈల వేస్తుందట. ఈల ఆగిందంటే ట్యాంకు నిండిందని పోసేవాడికి గుర్తు. ఆ గాలి పైపు మూతిని మంచు కప్పేసినా, కందిరీగ గూడు పెట్టినా గాలి పోయే దారి ఉండదు. అయినా పంపు తోస్తూనే ఉంటుంది, ట్యాంకే పగలొచ్చు. అక్కడి నిబంధనల్లో ఆ పైపు మూతి కిటికీలకు కనీసం రెండు అడుగుల దూరంలో, మంచు పేరుకునే ఎత్తుకు పైన ఉండాలని రాసి ఉంది. పాత ట్యాంకు తీసేసి, గోడకున్న పోసే పైపును మాత్రం వదిలేసిన ఇళ్లలో, ఆయిల్ లారీవాడు తెలియక దాంట్లోకే పోస్తే బేస్‌మెంటంతా ఆయిల్ మడుగైన సంఘటనలూ ఉన్నాయి. న్యూజెర్సీ, మసాచుసెట్స్ వైపు పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లు ఇంటి ఇన్‌స్పెక్షన్ రోజు ఆ రెండు పైపులనూ ఒకసారి చూసుకుంటే మంచిది.

ఎడారిలో మనకు హీటింగ్ ఆయిల్ అక్కర్లేదు. కానీ ప్రశ్న అదే. ఇంధనం ఉన్న ప్రతి పాత్రకూ, గదికీ ఊపిరి తీసుకునే దారి ఒకటుంటుంది. అది ఎక్కడుంది, ఏం ఎదురుగా ఉంది, ఎవరు మూశారు?

విల్లాల్లో ఈ ప్రశ్న ఇంకో రకంగా ఎదురవుతుంది. అక్కడ బండలు బయట పెడతారు, మంచిదే. ఎక్కడ పెడతారన్నదే చిక్కు. ఎండ తగలని చోటు కావాలి కాబట్టి ఇంటి వెనక సందులో పెడతారు. ఆ సందులోనే కిటికీ ఏసీ ఉంటుంది, బాత్‌రూమ్ డ్రెయిన్ ఉంటుంది, మ్యాన్‌హోల్ మూత ఉంటుంది. ఒక విల్లాలో పిల్లల పడకగది కిటికీకి సరిగ్గా కింద రెండు పెద్ద బండల పంజరం చూశాను. పైన పాత కిటికీ ఏసీ గాలి పీలుస్తోంది. ఓనర్ తరఫు కాంట్రాక్టర్‌ను అడిగితే పైపు పొడవు కలిసొస్తుందని అక్కడ పెట్టానన్నాడు. కలిసొచ్చింది రెండు మీటర్ల రాగి పైపు! అద్దెకున్న తెలుగు కుటుంబం మూడు వారాలు వెంటపడితే జరిపారు. పని పట్టింది సగం పూట.

బ్రిటన్‌లో పాటించే కొలతలు నాకు తేలిగ్గా గుర్తుంటాయి కాబట్టి చెబుతున్నాను. బయట పెట్టిన బండకు, దాని వాల్వుకంటే కింద ఉన్న ఏ కిటికీకైనా, తలుపుకైనా, కన్నానికైనా మధ్య కనీసం ఒక మీటరు, నీటి ముద్ర లేని డ్రెయిన్‌కు రెండు మీటర్లు. ఎమిరేట్స్‌లో సివిల్ డిఫెన్స్ వాళ్ల ఫైర్ అండ్ లైఫ్ సేఫ్టీ కోడ్ ఉంది, ఎల్పీజీకి అందులో ప్రత్యేకంగా నిబంధనలున్నాయి. మీ ఇంటికి కచ్చితమైన కొలత చెప్పాల్సింది ఆమోదం ఉన్న గ్యాస్ కాంట్రాక్టరే. కానీ డ్రెయిన్ పక్కన బండ పెట్టకూడదని తెలుసుకోవడానికి కాంట్రాక్టర్ అక్కర్లేదు. బరువైన గ్యాస్‌కు డ్రెయిన్ అంటే వేరే ఇంటికి దారి.

బాల్కనీ సంగతి. చాలామంది బండను బాల్కనీలో పెట్టి నిశ్చింతగా ఉంటారు. బాల్కనీకి కమ్మీల రెయిలింగ్ ఉంటే గాలి ఆడుతుంది. నడుమెత్తు వరకు సిమెంటు గోడ ఉంటే అది తొట్టి లాంటిదే. నీళ్లు పోవడానికి మూలన చిన్న కన్నం తప్ప గ్యాస్‌కు దారి లేదు, ఆ కన్నం కూడా డ్రెయిన్‌లోకే. దాని మీద చెప్పుల స్టాండు, పావురాలు రాకుండా వల, ఎండ రాకుండా ప్లాస్టిక్ షీటు. ఇక కార్తీకమాసం వస్తే అదే బాల్కనీ నేల మీద వరసగా దీపాలు. దీపాలు వద్దనడం లేదు. బండ ఉన్న బాల్కనీలో నేల మీద వద్దంటున్నాను. తులసికోట వాకిట్లో ఉండే ఊరి ఇంటికీ, పద్నాలుగో అంతస్తు బాల్కనీకీ ఆ మాత్రం తేడా పాటించాలి.

షార్జానుంచి దుబాయ్‌కో, అజ్మాన్‌కో ఇల్లు మారేవాళ్లు ఒకటి గమనించాలి. షార్జాలో చాలా ఇళ్లకు సేవా సంస్థ పైపులో ఇచ్చేది సహజవాయువు, అంటే ప్రధానంగా మీథేన్. అది గాలికంటే తేలిక, పైకి లేస్తుంది. అక్కడ పై జాలీ ముఖ్యం. గ్యాస్ డిటెక్టర్ కూడా పైకప్పుకు దగ్గరగా ఉండాలి. ఎల్పీజీ వాడే ఇంట్లో అంతా తలకిందులు. కింది జాలీ ముఖ్యం, డిటెక్టర్ నేలకు అడుగు ఎత్తు లోపల ఉండాలి. ఇల్లు మారినప్పుడు డిటెక్టర్‌ను కూడా మూటగట్టుకెళ్లి పాత ఇంట్లో ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో కొట్టించుకున్న ఇళ్లు చూశాను. అసలు అది ఏ గ్యాస్‌కు తయారైందో దాని వెనక రాసి ఉంటుంది, చదవండి. ఇంకొందరు కళ్లకు కనిపించేలా స్విచ్‌బోర్డు పక్కన పెట్టించుకుంటారు. అది షోకేసులో బొమ్మ కాదు కదా.

డిటెక్టర్ పీకేయడం మరో జబ్బు. పోపు పెట్టినప్పుడల్లా, సెంటు కొట్టినప్పుడల్లా కూస్తోందని ప్లగ్ తీసేస్తారు. పొయ్యికి, స్ప్రేలు కొట్టే చోటుకు దూరంగా, అదే కింది ఎత్తులో పక్కకు జరిపిస్తే చాలావరకు ఆ గోల పోతుంది. ఆ సెన్సర్లకు ఆయుష్షు అయిదారేళ్లే. తేదీ దాటినది కూస్తే ఆశ్చర్యం లేదు, కూయకపోయినా ఆశ్చర్యం లేదు. విల్లాల్లో ఇప్పుడు హస్సంతుక్ అలారం పెట్టించారు, మాకేం భయం లేదు అంటుంటారు. మంచి ఏర్పాటే. కానీ పొగను, వేడిని పసిగట్టే పరికరానికి ఇంకా అంటుకోని గ్యాస్ తెలియదు. రెండూ వేరు.

ఇక బ్యాచిలర్ రూములు. నిజానికి నన్ను ఈ వ్యాసం రాయించింది ఇవే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడపనుంచి వచ్చిన కుర్రాళ్లు ఒక ఫ్లాట్‌లో పదిమంది పడుకుంటారు. హాలును ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేస్తారు. బిల్డింగు కట్టినప్పుడు గాలి వంటగదినుంచి హాలులోకి, హాలునుంచి బాల్కనీకి పోయేలా ఉంటుంది. మధ్యలో ప్లైవుడ్ గోడ రావడంతో ఆ దారి తెగుతుంది. వంటగది తలుపు జాలీ ఇప్పుడు బయటికి కాదు, ఎవడి మంచం కిందికో తెరుచుకుంటుంది. ఆ మంచం పక్కన నేల మీద ఫోన్ ఛార్జర్ ఉంటుంది. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా, రఫ్ఫా ప్రాంతాల్లో అక్రమ పార్టిషన్ల మీద తనిఖీలు మొదలుపెట్టినప్పుడు మనవాళ్లలో చాలామంది, పేదోడి పొట్ట కొడుతున్నారని బాధపడ్డారు. ఆ బాధ నాకూ ఉంది. బెడ్ స్పేస్ తప్ప వేరే దారి లేనివాణ్ణి ఉన్నపళంగా ఎక్కడికి పొమ్మంటారు? కానీ ఆ ప్లైవుడ్ లోపలివైపు చూసినవాణ్ణి కాబట్టి తనిఖీలు తప్పని అనలేను. ఎనిమిది వందల దిర్హమ్‌లు తీసుకుని మంచం ఇచ్చేవాడు, కనీసం వంటగదికి గాలి ఉందో లేదో చూపించాలి. అడగడానికి కుర్రాళ్లకు మొహమాటం. అడిగితే వేరే మంచం చూసుకోమంటారని భయం కూడా.

అందుకే ఇది ఒక్కొక్కరు అడిగే విషయంగా మిగిలిపోకూడదంటాను. ఎమిరేట్స్‌లో మనకు తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి, కార్తీక వనభోజనాలు బ్రహ్మాండంగా చేస్తున్నాం. రక్తదాన శిబిరాలు పెడుతున్నాం, చనిపోయినవారి మృతదేహాలను ఊరికి పంపడానికి చందాలు వేస్తున్నాం. అది గొప్ప పనే. అంతకు ముందే చేయగల చిన్న పని ఇంకోటుంది. పండుగ హాల్లో చీరల స్టాలు, పచ్చళ్ల స్టాలు పక్కన ఒక బల్ల. దాని మీద ఒక ఖాళీ బండ, ఒక రెగ్యులేటర్, పగిలిన రబ్బరు పైపు ఒకటి, మంచిది ఒకటి, నేలకు అడుగు ఎత్తులో బిగించిన డిటెక్టర్ ఒకటి. తెలుగులో చెప్పగల మనిషి ఒకరు. ఈ దేశంలో మెయింటెనెన్స్, ఫైర్ సేఫ్టీ పనుల్లో ఉన్న తెలుగువాళ్లు వందల్లో ఉన్నారు, పిలిస్తే రాకపోరు. అనుమతి తీసుకోవాల్సి ఉంటే సివిల్ డిఫెన్స్‌ను అడిగి వాళ్ల మనిషినే పిలవచ్చు.

జాలీ తెరిస్తే బొద్దింకలు వస్తాయన్నది నిజమైన ఇబ్బంది కాబట్టి దానికి జవాబు లేకుండా తెరవమనడం అన్యాయం. హార్డ్‌వేర్ షాపులో సన్నకన్నాల స్టీలు వల దొరుకుతుంది. ముక్క కొని లోపలివైపు స్క్రూలతో బిగిస్తే పురుగులు ఆగుతాయి, గ్యాస్ పోతుంది. వల మరీ సన్నదైతే నూనె జిడ్డు, ఇసుక పట్టి అదే మూత అవుతుంది కాబట్టి నెలకోసారి బ్రష్‌తో దులపాలి. గోడకున్న జాలీ అయితే బయటి రెక్కలు విరిగిపోయాయేమో, అవతలివైపు ఎవరైనా కప్పేశారేమో బయటికి వెళ్లి కూడా చూడండి. అరలో బండ ఉంటే చిల్లులకు ఎదురుగా ఉల్లిపాయల బుట్ట పెట్టకండి. ఇల్లు అద్దెకు తీసుకునే రోజు వ్యూ, పార్కింగ్, మెట్రో ఎంత దూరం అని అడిగే వరసలోనే వంటగదిలో వంగి చూసి ఆ కన్నం ఏదని అడగండి. చూపించలేకపోతే కాగితం మీద మెయిల్ పెట్టండి. నోటిమాటకంటే మెయిల్‌కు మేనేజ్‌మెంట్ తొందరగా కదులుతుంది, ఇది బల్లకు అవతలివైపునుంచి చెబుతున్న మాట.

గ్యాస్ వాసన వచ్చినప్పుడు ఏ స్విచ్ కూడా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ కూడా, వేయకూడదు, ఆపకూడదు. చేతికి అందితే వాల్వు కట్టేసి, తలుపులు బార్లా తీసి, పిల్లలను తీసుకుని బయటికి వచ్చి, అక్కడినుంచి 997కు ఫోన్ చేయాలి. లిఫ్టు బటన్ నొక్కకుండా మెట్ల మీదుగా దిగండి. పక్కింటివాళ్లను కాలింగ్ బెల్ కొట్టి కాదు, తలుపు తట్టి పిలవండి.

మా బిల్డింగులో ఈ నెల శుక్రవారాలు సాయంత్రం నాలుగు ఇళ్ల చొప్పున నేనే చూసి వస్తున్నాను, టార్చి, కొలతల టేపు, కొంచెం స్టీలు వల వెంట పెట్టుకుని. మొదటి వారం చూసిన నాలుగిళ్లలో మూడింట జాలీ మూసి ఉంది. నాలుగో ఇంట్లో తెరిచే ఉంది గానీ దాని ముందు పాతిక కిలోల సోనా మసూరి బస్తా. బస్తా జరపడానికి ఆ ఇంటి అమ్మమ్మ ఒక పట్టాన ఒప్పుకోలేదు, ఎలుకలు ముట్టకుండా ఉన్న చోటు అదొక్కటే అన్నారు. చివరికి బస్తాను డబ్బాలోకి ఒంపి, డబ్బాను ఫ్రిజ్ పక్కకు చేర్చాం.